తడి ఉన్నంతసేపు

చివరి నుంచి నాలుగో గీత మళ్ళీ కుంగింది. ఒళ్ళో పెట్టుకున్న లాప్‌టాప్ తెర మీద పచ్చగీతలన్నీ బడి ప్రార్థనలో నిలబడ్డ పిల్లల్లా ఒకే ఎత్తున ఉన్నాయి, ఆ ఒక్కటి మాత్రం కునికిపాట్లు పడుతున్నట్టు జారడం, ఉలిక్కిపడి లేవడం, మళ్ళీ జారడం. ఏం కాదు, ఎత్తు ఎక్కుతోంది కదా, ఎత్తులో ఎవరికైనా ఆయాసమే, అనుకుంది ఆమె. అనుకున్న మరుక్షణం ఆ మాట తనది కాదని, అమ్మదని గుర్తొచ్చింది. ఏం జరిగినా ముందు ‘ఏం కాదు’ అనేసి, ఆ తరువాత ఏం జరిగిందో చూసేది అమ్మ. బస్సు కొండదారిలో ఇంకో మలుపు తిరిగింది, ఎండ ఈ వరస సీట్ల మీంచి లేచి ఆ వరస సీట్ల మీద కూచుంది. వెనక సీట్లో కుదుపు ఎక్కువని తెలిసీ ఆమె అక్కడే కూచుంది. సీటు కింద పెట్టెలోంచి వచ్చే తీగ అంతకన్నా ముందుకి అందదు మరి. అది అందరికీ చెప్పిన కారణం. చెప్పని కారణం, ముందు సీట్లో నాన్న ఉన్నాడు.

పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చాడు. పొద్దున డిపో గేటు దగ్గర ఆమె కారు దిగేసరికే అక్కడున్నాడు, బస్సు డ్రైవరు ఉద్యోగం దిగిపోయి ఇన్నేళ్ళయినా దాచుకున్న ఖాకీ చొక్కా వేసుకుని, చేతుల మడతలు కత్తిలా నిలబడేట్టు ఇస్త్రీ చేయించుకుని, పొట్ట దగ్గర గుండీ మాత్రం ఇక నావల్ల కాదన్నట్టు లాగుతూ. ఆమె ఈ రోజు సంగతి ఆయనకి చెప్పలేదు. అసలు ఏ సంగతీ చెప్పి ఎన్నాళ్ళయిందో. “నువ్వేంటి నాన్నా ఇక్కడ” అంటే “ఊరికే, చూద్దామని” అన్నాడు, మార్కెట్టుకి వెళ్తూ ఆగినవాడిలా. తరువాత ఎవర్నీ అడక్కుండా బస్సెక్కి, డ్రైవరు వెనక మొదటి సీట్లో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూచున్నాడు. ఆమె పనిచేసే ప్రయోగశాల డైరెక్టరు ఆ చొక్కా చూసి డిపో పెద్ద ఎవరో అనుకుని వంగి నమస్కారం పెట్టాడు, నాన్న కూడా ఏమీ తడబడకుండా అందుకున్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళ కష్టం ఒక్క గంటలో తేలిపోయే రోజు, బస్సులు కొనే సంస్థ నుంచి ఇద్దరు వచ్చి కూచున్న రోజు, ఈయన్ని ఎక్కడ సర్దాలి, ఎవరని చెప్పాలి. ఎవరికీ ఏమీ చెప్పకుండానే బస్సు బయల్దేరిపోయింది.

గీత లేచింది. ఇంకొంచెం లే. ఆ, అంతే. ప్రయోగశాలలో అందరూ ఆమెని పొర మేడం అంటారు. మొదట్లో చాటున అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, ఆమెకీ ఎంత అలవాటైపోయిందంటే ఒకసారి ఫోనెత్తి ‘పొర మేడం మాట్లాడుతున్నాను’ అనేసింది. సీటు కింద పెట్టెలో పళ్ళాల దొంతరలా పేర్చిన సెల్లులున్నాయి, ఒక్కొక్క సెల్లుకి తెర మీద ఒక్కొక్క గీత, ఒక్కొక్క సెల్లు మధ్యలో ఆమె పోసిన పొర ఒకటి. పొరకి ఇటుపక్క హైడ్రోజన్, అటుపక్క మామూలు గాలి. హైడ్రోజన్ చీలితే వచ్చే ప్రోటాన్‌ని పొర తనలోంచి పోనిస్తుంది, ఎలక్ట్రాన్‌ని మాత్రం పోనివ్వదు, నువ్వు చుట్టూ తిరిగి రావమ్మా అంటుంది. అది తీగలోంచి అలా చుట్టూ తిరిగి వచ్చేటప్పుడే మోటారు తిరుగుతుంది, చక్రం కదులుతుంది. అందరూ అటుపక్క కలుసుకుని గాలిలోని ఆక్సిజన్‌తో చేరి నీళ్ళయిపోతారు. పొగ లేదు, మసి లేదు, వెనక గొట్టంలోంచి కారే ఆ కాసిని నీళ్ళు తప్ప. బడిపిల్లలకి ఇలాగే చెప్పిందోసారి, అప్పుడొక పాప లేచి, ఎవర్ని పోనివ్వాలో పొరకి ఎవరు చెప్పారని అడిగింది. నేనే చెప్పానంది ఆమె, పిల్లలంతా నవ్వారు. నవ్వులాట కాదది. అంటే వింటుందా పొర, మొండిఘటం. తేనెలా చిక్కటి ద్రావణాన్ని గాజుపలక మీద పోసి, బ్లేడు వాలుగా పట్టి ఊపిరి బిగపట్టి ఒక్క లాగు లాగడం, ఓవెన్లో ఆరబెట్టడం, నీళ్ళలో ముంచి అంచు నుంచి గోరుతో మెల్లగా ఒలవడం. ఎన్ని ఒలిచిందో. బీటలు వారినవి, బుడగలు పొంగినవి, చేత్తో పట్టుకోగానే పొడైపోయినవి, అన్నీ బాగుండి హైడ్రోజన్‌ని కూడా రారమ్మని పిలిచినవి. చివరికి ఒకటి వచ్చింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కిటికీ, కిటికీ అవతల గోడ, గోడ మీద పిల్లి, అన్నీ కనిపించాయి. పాతరకం పొరల్లో వాడే, ఎన్నేళ్ళయినా మట్టిలో కలవని రసాయనం ఇందులో లేదు. ఆ రోజు ఎవరికి చెప్పాలో తోచక అమ్మకి ఫోన్ చేసింది. ‘పల్చగా ఉందా’ అంది అమ్మ, వేరే ఏం అడగాలో తెలియక. ‘పల్చగా, గట్టిగా’ అంది తను. ‘అయితే మంచిదే, మీ నాన్నకి చెప్తాను, సంతోషిస్తాడు’ అంది.

మీ నాన్నకి చెప్తాను. మీ నాన్న అడిగాడు. మీ నాన్న నీ గురించే బెంగ పెట్టుకున్నాడు. అమ్మ ఫోన్ పెట్టేముందు ఎప్పుడూ ఈ మాటల్లో ఒకటి ఉండేది, చొక్కాకి చివరి గుండీలా. చిన్నప్పుడంతా నాన్నంటే ఇంటికి రాత్రెప్పుడో వచ్చే చెప్పుల చప్పుడు, తెల్లారేసరికి లేని చొక్కా కొక్కెం. మాట్లాడేవాడు కాదని కాదు, బండి గురించి, రోడ్డు గురించి, కొత్తగా వేసిన బ్రేకుల గురించి ఎంతసేపైనా మాట్లాడేవాడు. నీకెలా ఉంది అనే ప్రశ్న ఒక్కటే ఆయన నోట రాలేదు. పరీక్షలో ఫస్టొస్తే ‘మీ నాన్న డిపోలో అందరికీ టీ ఇప్పించాడు’ అంది అమ్మ. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళు బతికింది ఆమె. తరువాతెప్పుడో ఒక పెళ్ళిలో నాన్నతో పనిచేసిన మెకానిక్కు కలిసి, మీ అమ్మాయి కెమిస్ట్రీ చదివిందా, మీరెప్పుడూ చెప్పలేదే అని నాన్ననే అడిగాడు ఆమె ఎదురుగా. టీ లేదు, డిపో లేదు, అడగడం లేదు, బెంగ లేదు, అంతా అమ్మ కల్పనే, మధ్యలో నిలబడి ఇటు రానివ్వాల్సింది రానిచ్చి, లేనిచోట తనే పుట్టించి పంపింది. ఆ రోజు నుంచి ‘మీ నాన్న అడిగాడు’ అని అమ్మ అన్నప్పుడల్లా ‘అవునా’ అని ఊరుకునేది తప్ప తిరిగి ఆయన్ని ఏమీ అడగలేదు, ఆయనకి చెప్పమని ఏమీ చెప్పలేదు. రెండేళ్ళ కింద అమ్మ పోయింది. ఆ తరువాత ఫోన్లో తండ్రీకూతుళ్ళ మాటలు రెండే, తిన్నావా, తిన్నాను. అవతల కాసేపు ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు, సరే ఉంటానమ్మా.

ఏయ్. గీత ఈసారి లేవలేదు. సగానికి దిగి అక్కడే నిలబడింది, దాని పక్కది కూడా తల వంచింది. ఆమె వెన్ను నిటారుగా అయింది. ఎండిపోతోంది. పొర తడిగా ఉన్నంతసేపే పొర. దాని లోపల నీళ్ళంటే పడని గొలుసులు కొన్ని, నీళ్ళంటే ప్రాణమిచ్చే కొసలు కొన్ని, ఆ కొసలన్నీ ఒకచోట చేరి వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నటి నీటిదారులు వేస్తాయి. ప్రోటాన్ ఆ దారుల్లోనే ఒక నీటి చేతి నుంచి ఇంకో నీటి చేతికి మారుతూ దాటుతుంది. తడి ఆరితే దారులు మూసుకుంటాయి. మూసుకున్న దారి మీద ఎత్తెక్కే బస్సు బరువంతా వచ్చి పడితే అక్కడ వేడి, వేడికి ఇంకా ఎండడం, చివరికి సూదిమొనంత చిల్లు. చిల్లు పడితే హైడ్రోజన్, గాలి కలుస్తాయి, అవి కలవకూడదనే కదా ఈ పొరంతా. గాలికి తడి పట్టించే పెట్టె పనిచేస్తోందా? తెర మీద పనిచేస్తున్నట్టే ఉంది. తెర చెప్పేది ఒకటి, లోపల జరిగేది ఒకటి, మనుషుల్లాగే. అనుకుని, ఇప్పుడా వేదాంతం అని తనని తనే విసుక్కుంది. కాలు ఊపుతోంది, ఆపింది, మళ్ళీ ఊపుతోంది. ముందు డైరెక్టరు ఆ ఇద్దరికీ కిటికీలోంచి లోయ చూపిస్తున్నాడు, ఆ లోయ కూడా తన ప్రయోగశాలలోనే తయారైనట్టు. లేవాలా? ఇంకొక్క మలుపు చూడాలా? పైన దారి చదును, చదునుకి చేరితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే అదే తేరుకుంటుంది. తేరుకోకపోతే. లాప్‌టాప్ సీటు మీద పెట్టి లేచింది, కమ్మీలు పట్టుకుంటూ ముందుకి నడిచింది. డైరెక్టరు దగ్గర వంగి చెవిలో చెప్పింది.

“ఆపాలి సార్. ఒక సెల్లు ఎండిపోతోంది.”

డైరెక్టరు నవ్వు మొహం చెరగనివ్వకుండానే పెదాలు కదిపాడు. “రెండు మలుపులే కదా మేడం, లాగించేద్దాం.”

“లాగిస్తే చిల్లు పడుతుంది.”

“పడితే మార్చుకుందాం. వీళ్ళ ముందు ఆగితే మార్చుకోడానికి మనకేమీ మిగలదు.”

ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఆమెని ఒక్కక్షణం అక్కడే నిలబెట్టేసింది. ఇన్నాళ్ళ పోత, ఒలుపు, తన దగ్గర పనిచేసే పిల్లల ఉద్యోగాలు, వాళ్ళలో ఒకడి కొత్త ఇల్లు, ఇంకొకామె కడుపులో బిడ్డ, అన్నీ ఈ రెండు మలుపుల పైన కూచుని ఉన్నాయి. కానీ బస్సులో ఎనిమిది ప్రాణాలున్నాయి, ప్రమాదం ఉండకపోవచ్చు, సెన్సరు ముందే అరుస్తుంది, వాల్వు దానంతటదే మూసుకుంటుంది, అన్నీ రాసిపెట్టినవే, అయినా ‘ఉండకపోవచ్చు’ అన్న మాట మీద మనుషుల్ని కూచోబెట్టి ఎత్తెక్కించొచ్చా. ఇంతకీ తన భయం మనుషుల కోసమా, పొర కోసమా? ఆ ప్రశ్నకి జవాబు చూసుకునే తీరిక లేదు. డ్రైవరు సీటు దాకా వెళ్ళింది. డ్రైవరు ముప్పై ఏళ్ళ అమ్మాయి, అద్దంలోంచి వీళ్ళ గుసగుసలన్నీ చూస్తూనే ఉంది. “పక్కకి తీసి ఆపమ్మా” అంది ఆమె. ఆ అమ్మాయి అద్దంలో డైరెక్టరు వైపు ఒకసారి, ఈమె వైపు ఒకసారి చూసింది. తరువాత దారి వెడల్పుగా ఉన్నచోట, కొండరాతి నీడలోకి, నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టినంత నెమ్మదిగా ఆపింది. ఆమె తల తిప్పి నాన్న వైపు చూసింది. కిటికీలోంచి చక్రం ఎక్కడ నిలిచిందో చూసి, సరిగ్గానే ఆపిందన్నట్టు ఒకసారి తలాడించాడు.

ఆ తరువాత జరిగింది ఆమె నీళ్ళ కింది నుంచి చూస్తున్నట్టు చూసింది. వచ్చిన ఇద్దరిలో పొడుగాయన దిగి నిలబడ్డ బస్సుని ఫోటో తీశాడు. రెండో ఆమె మర్యాదగా “ఇలాంటివి మామూలే” అంది, ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది. వెనకే వస్తున్న డీజిలు వ్యాను గుర్రుమంటూ వచ్చి ఆగింది. డైరెక్టరు వాళ్ళిద్దర్నీ, తన సహాయకుణ్ణీ అందులో ఎక్కించుకుని, ఎక్కేముందు ఆమె వైపు చూసి, రుమాలుతో మెడ తుడుచుకుని ఎక్కేశాడు. వ్యాను పోయింది, పొగ మాత్రం కాసేపు ఉండి పోయింది. మిగిలింది నలుగురు. పంపులు చూసే పెద్దాయన అప్పటికే అట్ట పరుచుకుని బస్సు కిందికి దూరాడు, ఆయన కాళ్ళు మాత్రం బయట. డ్రైవరమ్మాయి రోడ్డు పక్క బండరాయి మీద కూచుని ఇంటికి ఫోన్ చేసుకుంటోంది. ఆమె వెనక సీట్లోకి వచ్చి కూచుంది, లేచింది, దిగింది, ఎక్కింది. మళ్ళీ కూచుని గీత వైపు చూసింది. భారం లేదు కాబట్టి గీతలన్నీ ఊరికే నిలబడి ఉన్నాయి, ఆ ఒక్కటి బతికుందో లేదో తడి అందితే గానీ తెలియదు. తప్పు చేశానా. చెయ్యలేదు. చేశానా. లాగించి ఉంటే ఇప్పటికి పైన చప్పట్లు కొడుతూ ఉండేవాళ్ళు. లాగించి ఉంటే ఇప్పటికి చిల్లు పడి ఉండేది. రెండూ పక్కపక్కనే కూచున్నాయి, ఒకదానికొకటి చోటివ్వకుండా. “తడి పెట్టెలోకి నీళ్ళు పోయే గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుంది మేడం” కింది నుంచి పెద్దాయన గొంతు వచ్చింది, “ఎత్తుకి బండి వెనక్కి వాలడంతో అది పైకి చేరి నీళ్ళని ఆపేసింది. బుడగ తీసేస్తున్నాను, కాస్త టైం ఇవ్వండి.” సరే అంది. టైం తప్ప ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది కనుక.

నాన్న లేచాడు. ముందు సీటు కమ్మీ వదిలి రెండోది, రెండోది వదిలి మూడోది, ఒక్కో కమ్మీ పట్టుకుని కుంటుతూ వెనక్కి వస్తున్నాడు. ఎప్పటి నుంచి కుంటుతున్నాడు? పొద్దున గేటు దగ్గర కూడా కుంటాడా? ఆమె చూడలేదు, చొక్కానే చూసింది. వచ్చి ఆమె పక్కన కాదు, ఒక సీటు ఖాళీ వదిలి కూచున్నాడు. కాసేపు తెర మీది గీతల్ని చూశాడు, తనకి సంబంధం లేని క్రికెట్ స్కోరు చూసినట్టు. ఇప్పుడు బండి గురించి మొదలుపెడతాడు, ఎత్తులో ఎలా నడపాలో చెప్తాడు, నేను వినలేను, ఇవాళ వినలేను, అనుకుంటూ ఆమె పళ్ళు బిగించింది.

“నా మూలంగా నీకేమీ ఇబ్బంది కాలేదు కదా” అన్నాడు.

“నీ మూలంగానా? లేదు.”

“పిలవకుండా వచ్చానని కోపమొచ్చినట్టుంది పొద్దున. బస్సు ఇవాళేనని డిపోవాళ్ళు చెప్పారు, పిలుస్తావేమోనని చూశాను. పనిలో పడి మర్చిపోయి ఉంటావులే అనుకున్నాను. నీకు మాటిచ్చాను కదా, అందుకని వచ్చేశాను.”

“నాకా? ఏం మాట?”

“అదే, మీ అమ్మతో చెప్పి పంపావు కదా. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పింది. నా బస్సు నడిచిన రోజు మొదటి సీటు నాన్నదే, ఇంకెవర్నీ కూచోనివ్వను అన్నావట. సరే వస్తానని చెప్పవే అన్నాను. చెప్పలేదా తను?”

ఆమె ఆ మాట అనలేదు. ఆస్పత్రి గదిలో ఆఖరి వారమంతా అమ్మ చెయ్యి పట్టుకునే కూచుంది, బస్సు మాటే రాలేదు, నాన్న మాట అంతకన్నా రాలేదు. అయితే అటు కూడానా? ఇటు పంపినట్టే అటు కూడా పంపుతూ ఉండేదా? ఇన్నేళ్ళూ ఆమె లెక్కలో నాన్న అడగనివాడు, తను అడగడం మానేసినది, మధ్యలో అమ్మ ఒక చేతి పనే చేసింది అనుకుంది. రెండో చెయ్యి సంగతి ఎప్పుడూ తట్టలేదు. అటు పక్క ఈ ముసలాయన కూచుని, తన కూతురు అడిగిందని, తలుచుకుందని, సీటు దాచిందని నమ్ముకుంటూ ఉన్నాడు, మెకానిక్కు ఎవడూ వచ్చి చెప్పలేదు కాబట్టి ఇంకా నమ్ముతూనే ఉన్నాడు. ఖాకీ చొక్కా అందుకు. ఆ ఇస్త్రీ అందుకు. లేదు నాన్నా, నేనలా అనలేదు. నాలుక కొస దాకా వచ్చింది. నిజమే కదా చెప్పాల్సింది, పొద్దున్నుంచీ నిజం కోసమే కదా కొండ మీద బస్సు ఆపేసి అందరి ముందూ తలవంపు తెచ్చుకుంది. ఆయన మొహం చూసింది. గడ్డం గీసుకునేటప్పుడు దవడ కింద తెగినట్టుంది, చిన్న కాగితం ముక్క అంటించుకుని, తియ్యడం మర్చిపోయాడు.

“చెప్పింది” అంది ఆమె. “నేనే, ఈ హడావిడిలో ఫోన్ చెయ్యలేకపోయాను.”

“అదే అనుకున్నాను.”

కింద ఏదో సుత్తితో రెండు దెబ్బలు కొట్టారు. గొట్టంలో నీళ్ళు గుడగుడమని దారి వెతుక్కుంటున్న చప్పుడు ఆమె కాళ్ళ కిందికి వచ్చింది. మామూలుగా అయితే లేచి పరుగెత్తేది. లేవలేదు. మనసు మాత్రం కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇంకేం చెప్పింది అమ్మ, తన పేరున ఇంకా ఏమేం నడిచాయి అటుపక్క, తను బతకని తన బతుకు ఒకటి ఆ ఇంట్లో ఎన్నేళ్ళు నడిచింది? “నాన్నా, నా గురించి అమ్మ ఇంకా ఏమేం చెప్పేది?” అని అడిగింది, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ.

ఆయన ఆ ప్రశ్నకి ఆశ్చర్యపోలేదు, చాలా రోజులుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఉన్నట్టున్నాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఆదివారం ఆదివారం నా మోకాలు గురించి అడిగేదానివట. అవును, అంది. ఉద్యోగం దిగిపోయిన రోజున నాకు బెంగగా ఉంటుందని, రెండు రోజులు నన్ను ఒంటరిగా వదలొద్దని అమ్మకి చెప్పావట. అవును. గోధుమరంగు మఫ్లరు నువ్వే పంపావట, చలికి చెవులు మూసుకోమని. అవును, అంది, ఆ మఫ్లరు ఎక్కడిదో, అమ్మ ఏ కొట్లో బేరమాడి కొందో తెలియకుండానే. చిన్నప్పుడు నా బండిలో ఇంజను పెట్టె మీద కూచోబెడితే వెచ్చగా ఉండేదని, ఇప్పటికీ చలేస్తే అదే గుర్తొస్తుందని అన్నావట. అవును అనబోయి ఆమె ఆగింది, అది మాత్రం నిజంగానే అవును. ఎప్పుడు చెప్పింది అమ్మకి? చెప్పినట్టు గుర్తులేదు, కానీ నిజం. ఒక్కో ‘అవును’ అంటున్న కొద్దీ అవి అబద్ధాలన్న పట్టు సడలిపోతోంది, ఇవన్నీ అని ఉండాల్సినవే, అనడానికి ఏమైంది, నోరు నొప్పా? ఆయన మధ్యలో ఆగి, మోకాలు రుద్దుకున్నాడు. “ఇప్పుడెలా ఉంది మోకాలు” అంది ఆమె. మొదటిసారి. “మెట్లు దిగేటప్పుడే” అన్నాడు.

“నీళ్ళు అందుతున్నాయి మేడం, చూడండి” అని కేక వచ్చింది. చూసింది. డ్రైవరమ్మాయి ఎక్కి కూచుంది, పంపుల పెద్దాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. కొద్దికొద్దిగా భారం ఇవ్వమంది. గీతలన్నీ కాస్త కుంగి నిలబడ్డాయి, చివరి నుంచి నాలుగోది అందరికన్నా ఎక్కువ కుంగింది, అక్కడే ఊగింది, తరువాత ఒక్కో వెంట్రుకవాసి లేస్తూ పక్కవాటి భుజాల దాకా వచ్చి నిలబడింది. హైడ్రోజన్ సెన్సరు నిశ్శబ్దంగా ఉంది. చిల్లు పడలేదు. బస్సు కదిలింది, మనిషి నడకంత నెమ్మదిగా, ఎండలోకి. ఫోన్ మోగితే చూసింది, డైరెక్టరు పంపిన సందేశం. ‘వాళ్ళు పైన టీ తాగి వెళ్ళిపోయారు. ఎండలు తగ్గాక ఇదే దారిలో ఇంకోసారి చూస్తారట, అప్పుడు ఆగితే ఇక లేదట. పొర బతికిందా?’ ఆఖరి మాట రెండుసార్లు చదువుకుంది. బతికింది సార్, అని జవాబు పెట్టింది. ఇంకోసారి అంటే మళ్ళీ ఈ కాలు ఊపడం, కొత్త గొట్టాలు, వాలుకి బుడగ చేరకుండా కొత్త వంపు, ఇప్పటి నుంచే బుర్రలో గీతలు గీసుకుంటున్నాయి. ఊరుకోవే, అనుకుంది బుర్రతో.

నాన్న ముందు సీటుకి వెళ్ళలేదు. మధ్యలో ఖాళీ సీటు అలాగే ఉంది. లోయ వైపు చూస్తూ, అడగని దానికి జవాబు చెప్తున్నట్టు, గొంతు తగ్గించి అన్నాడు.

“ఆ బిడ్డ సంగతి కూడా చెప్పింది.”

కొండ, ఎండ, గీతలు, అన్నీ ఒక్కసారిగా దూరం జరిగాయి. అయిదో నెలలో పోయిన బిడ్డ. చాలా ఏళ్ళ కింద, పై ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నప్పుడు. అమ్మకి ఒక్కదానికే ఫోన్లో చెప్పింది, ఎవరూ రావొద్దు, నువ్వు కూడా రావొద్దు, నాన్నకి అసలే చెప్పొద్దు, ఒట్టు పెట్టించుకుంది. ఇరవై ఏళ్ళ అబద్ధాల మధ్య ఒక్క నిజాన్ని, పంపొద్దని బతిమాలిన ఒకే ఒక్కదాన్ని, అమ్మ అటు దాటించేసింది. కోపం రావాలి. వస్తోందేమోనని చూసింది. నిజంగా చెప్పిందా, లేక ఈయనే ఎక్కడో విని ఇప్పుడు అమ్మ పేరు పెడుతున్నాడా? ఈ ఇంట్లో ఎవరి మాట ఎవరిదో ఇక ఎలా తేల్చుకోవడం?

“వచ్చాను” అన్నాడు నాన్న. “సెలవు పెట్టి, రాత్రి బండిలో. నీకు తెలియకూడదని మీ అమ్మ చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆస్పత్రి ఎదురుగా టీకొట్టు ఉంది కదా, అక్కడ కూచున్నాను. మధ్యాహ్నం నిన్ను పంపించారు. అల్లుడు కారు తేవడానికి ముందు వెళ్ళాడు. నువ్వు ఒక్కదానివే గేటు దాకా నడిచొచ్చావు. ఎడమ చెప్పు ఉంగరం తెగిపోయి, ఈడ్చుకుంటూ.”

ఆ చెప్పు సంగతి ఆమెకే గుర్తులేదు, ఇప్పుడు ఎడమ కాలికి గుర్తొచ్చింది, బొటనవేలి పక్క తెగిన తోలువారు, సిమెంటు మీద అది గీసుకుంటున్న చప్పుడు. ఒక్క అడుగు కూడా ఇక ఈడ్చలేననిపించి గేటు పక్క చెత్తడబ్బాలో రెండూ పడేసి, ఒట్టికాళ్ళతో కారెక్కింది. భర్త చూడలేదు. ఆమె చెప్పలేదు. అమ్మకి కూడా చెప్పలేదు, చెప్పడానికి అదొక విషయమా. ఇది అమ్మ కల్పించగలిగింది కాదు. ఇది ఎవరి చేతి మీదుగానూ రాలేదు.

“కారు వెళ్ళిపోయాక తీశాను” అన్నాడు ఆయన, ఇంకా లోయవైపే చూస్తూ. “మంచి చెప్పులు, ఉంగరం ఒక్కటే పోయింది. బస్టాండు దగ్గర కుట్టించాను. ఇద్దామంటే నీకు తెలిసిపోతుంది కదా నేనొచ్చినట్టు.”

బస్సు ఆఖరి మలుపు తిరిగింది. ఎత్తు తగ్గుతోందని కూచున్న సీటే చెప్తోంది. ఆమె మధ్యలో ఉన్న ఖాళీ సీటులోకి జరిగింది, లాప్‌టాప్ ఒళ్ళోంచి పక్కకి వాలితే పట్టుకోలేదు.

“ఇంకా ఉన్నాయా నాన్నా” అంది.

“ఎందుకుండవు? వానాకాలం వెళ్ళగానే ఏటా ఓసారి ఎండలో పెడతాను, బూజు పట్టకుండా.”